పింగాణీ ప్లేటుకు పగలకుండా రంధ్రం

పాత పింగాణీ ప్లేట్లతో గోడ గడియారమో, రెండంతస్తుల ట్రేనో చేయాలనుకుంటే మధ్యలో రంధ్రం పెట్టడమే అసలు టెన్షన్. మామూలు ఇనుప డ్రిల్ బిట్ (రంధ్రం చేసే మొన) ప్లేటు పైనున్న నున్నటి పూత మీద జారిపోతుంది. డైమండ్ పూత ఉన్న గొట్టంలాంటి బిట్ కొనండి, గడియారానికి సాధారణంగా 8 లేదా 10 మి.మీ. సరిపోతుంది.

డ్రిల్‌లో హ్యామర్ మోడ్ (సుత్తిలా కొడుతూ తిరిగే పద్ధతి) తప్పకుండా ఆపేయండి. ఆ అదురుకు ప్లేటు నిలవదు. కింద చెక్క ముక్క పెట్టి, రంధ్రం రావాల్సిన చోట మాస్కింగ్ టేప్ అంటించండి. బిట్‌ను మొదట కాస్త వాలుగా ఆనించి, అంచు చిన్న గాడి చేశాక మెల్లగా నిటారుగా తీసుకురండి. స్పీడ్ తక్కువే ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. రంధ్రం దగ్గర ఎప్పుడూ తడి ఉండాలి. వేడెక్కితే బిట్ పాడవుతుంది, ప్లేటు చిట్లుతుంది. తడి ఉంటే ఊపిరితిత్తులకు హాని చేసే దుమ్ము కూడా లేవదు. నీళ్ల దగ్గర పని కాబట్టి బ్యాటరీ డ్రిల్ మేలు. కళ్లకు రక్షణ అద్దాలు మరవకండి.

చాలా ప్లేట్లు పగిలేది చివరి క్షణంలోనే. బిట్ అవతలికి రాబోతుందనగా చేతి బరువు దాదాపు తీసేయండి, తొందరపడకండి.