గేమింగ్ మానిటరా, కలర్ మానిటరా? ఎలా తేల్చుకోవాలి

బట్టల కేటలాగ్‌ల కోసం ఫొటోలు సరిచేయడం నా పని. ఒకసారి నా మానిటర్ పాడైతే మా తమ్ముడి గేమింగ్ మానిటర్ మీద నలభై ఫొటోలు చేసి పంపాను. వాటిలో ఒక మెరూన్ చొక్కా ఉంది. తెర మీద అది మండిపోతున్నట్టు కనిపించింది. కెమెరా ఎక్కువ చేసిందనుకుని శాచురేషన్ (రంగు గాఢత) తగ్గించాను. మోడల్ ముఖం నారింజ రంగు కొడుతోందని దాన్నీ తగ్గించాను. తీరా ప్రింట్ చూస్తే చొక్కా యాభైసార్లు ఉతికినట్టు వెలిసిపోయింది, ముఖమేమో జ్వరం పడి లేచినట్టు ఉంది. నలభై ఫొటోలూ మళ్లీ మొదటి నుంచి చేశాను.

అది చెడ్డ మానిటరేమీ కాదు. దాని పెట్టె మీద ఎస్‌ఆర్‌జీబీ 130% అని గొప్పగా రాసి ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎస్‌ఆర్‌జీబీ అనేది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన రంగుల ప్రమాణం. ఇప్పటికీ నెట్‌లో మనం చూసే ఫొటోల్లో ఎక్కువ భాగం దాని ప్రకారమే ఉంటాయి. 130% అంటే ఆ మానిటర్ అంతకంటే గాఢమైన రంగులు చూపించగలదని అర్థం. ఫొటోలో ఉన్న రంగును ఉన్నట్టు చూపిస్తుందని కాదు. సరైన కలర్ ప్రొఫైల్ (ఆ తెర రంగులు ఎలా ఉంటాయో కంప్యూటర్‌కు చెప్పే ఫైల్) లేకపోతే, మామూలు ఎరుపు చూపించమని పంపిన అంకెలకు అది తన దగ్గరున్న ఘాటైన ఎరుపు తీసి చూపిస్తుంది. ఆటలో అది కంటికి ఇంపుగానే ఉంటుంది. ఫొటో సరిచేసేవాళ్లకు మాత్రం చెయ్యి తప్పుదారి పడుతుంది. ఇంకోటి, 130% అని ఉన్నంత మాత్రాన ఎస్‌ఆర్‌జీబీలోని రంగులన్నీ అందులో ఉన్నట్టు కూడా కాదు. ‘కవరేజ్’ అన్న మాట పక్కన ఎంత ఉందో చూడండి.

కొనే ముందు మిమ్మల్ని మీరు ఒకటే అడగండి: మీ తెర మీద రంగు తప్పుగా కనిపిస్తే ఎవరికైనా నష్టం జరుగుతుందా? ప్రింటుకు ఫొటోలు పంపేవాళ్లు, డబ్బు తీసుకుని వీడియోలకు కలర్ గ్రేడింగ్ చేసేవాళ్లు అయితే జరుగుతుంది. అలాంటివాళ్లు కలర్ మానిటరే, అంటే రంగును ఉన్నది ఉన్నట్టు చూపించడం కోసం చేసినదే తీసుకోండి. ప్రింట్ పని ఎక్కువైతే అడోబ్ ఆర్‌జీబీ కవరేజ్, వీడియో అయితే డీసీఐ-పీ3 కవరేజ్ చూడాలి. ఇవీ ఎస్‌ఆర్‌జీబీ లాంటి ప్రమాణాలే, కాకపోతే ఇంకా ఎక్కువ రంగులుంటాయి. వాటితో పాటు డెల్టా ఈ. అసలు ఉండాల్సిన రంగుకీ తెర చూపించిన రంగుకీ ఉన్న తేడా అది. 2 లోపు ఉంటే మామూలు ఫొటోల్లో ఆ తేడాను కన్ను పట్టుకోవడం కష్టం.

ఎక్కువగా ఆడేవాళ్లకు లెక్క వేరు. కలర్ మానిటర్లలో చాలా 60 హెర్ట్జ్ దగ్గరే, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే దగ్గరే ఆగిపోతాయి. ఆ లెక్కన ఒక ఫ్రేమ్ (ఒక్కో బొమ్మ) తెర మీద దాదాపు 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది. 144 హెర్ట్జ్‌లో 6.9, 240లో 4.2. ఈ తేడా కంటికేం తెలుస్తుందిలే అనేదాన్ని. మా తమ్ముడు నా తెర మీద మౌస్‌ను గిరగిరా తిప్పి, “అక్కా, చూడు, పాయింటర్ గెంతుతోంది” అన్నాడు. నిజమే, ఒక బాణానికీ ఇంకో బాణానికీ మధ్య ఖాళీలు కనిపించాయి. అదే వేగంతో వాడి తెర మీద తిప్పితే బాణాలు ఒకదాన్నొకటి ఆనుకుని వెళ్లాయి. అప్పటి నుంచి వాడి మాట కాదనలేదు.

కానీ మీ గ్రాఫిక్స్ కార్డ్ ఆడే ఆటలో సెకనుకు 70 ఫ్రేములే ఇవ్వగలిగితే 240 హెర్ట్జ్‌కి డబ్బు పోయకండి. 1 మిల్లీసెకను రెస్పాన్స్ (తెర మీద చుక్క రంగు మారడానికి పట్టే సమయం) అన్న మాటనూ పూర్తిగా నమ్మొద్దు. ఆ అంకె కోసం ఓవర్‌డ్రైవ్‌ను (ఆ మార్పు వేగం పెంచే సెట్టింగ్) చివరిదాకా పెంచితే కదిలే బొమ్మ వెనక తెల్లటి నీడ పడుతుంది. మధ్యలో ఉన్న సెట్టింగే హాయి. హెచ్‌డీఆర్ 400 (వెలుగు-చీకటి తేడా బాగా చూపిస్తుందనే) ముద్ర చూసి మురిసిపోకండి, లోకల్ డిమ్మింగ్ (తెరలో ఒక్కో భాగం వెలుగును విడిగా తగ్గించడం) లేకుండానే ఆ ముద్ర వచ్చేస్తుంది.

ప్యానెల్, అంటే తెర తయారీ రకం సంగతికొస్తే, వీఏ రకంలో నలుపు బాగుంటుంది గానీ చీకటి సీన్లలో బొమ్మ అలుక్కున్నట్టు అవుతుంది. ఓలెడ్ అన్నిటికంటే వేగం, కాకపోతే ఒకే టూల్‌బార్ రోజంతా కదలకుండా ఉండే పనిలో మచ్చ పడిపోయే ప్రమాదం ఉంది. రెండు పనులూ ఉన్నవాళ్లకు ఐపీఎస్ మంచిది.

పగలు పని, రాత్రి ఆట అనేవాళ్లకు నేను చెప్పేది: 27 అంగుళాల 1440పీ (2560×1440 పిక్సెళ్లు) ఐపీఎస్, 144 హెర్ట్జ్ లేదా ఆపైన, ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉన్నది తీసుకోండి. ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ మార్చుకోనిస్తుందో లేదో ముందే కనుక్కోండి, కొన్నిటిలో లాక్ అయిపోతుంది. మిగిలిన డబ్బుతో ఒక కాలిబ్రేటర్ (తెర రంగుల్ని కొలిచి సరిచేసే పరికరం) కొనండి. మానిటర్ ఆన్ చేసి అరగంట ఆగండి. బ్లాక్ ఈక్వలైజర్, డైనమిక్ కాంట్రాస్ట్, నైట్ లైట్ లాంటి, రంగునూ వెలుగునూ మార్చేవన్నీ ఆపేయండి. తెలుపు 6500 కెల్విన్, గామా (మధ్య ఛాయల వెలుగు) 2.2, వెలుగు 120 నిట్స్ దగ్గర పెట్టి కాలిబ్రేట్ చేయండి. చేతికొచ్చిన ప్రింట్ కంటే తెర మీదే ఫొటో వెలుగ్గా ఉందనిపిస్తే 100కి దించండి. నేను అంతే ఉంచుతాను.

కాలిబ్రేటర్ సరిచేయలేనిది ఒకటుంది. తెర నిండా లేత బూడిద రంగు పెట్టి నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ఒక మూల పసుపు కొడుతోందా, అంచులు నల్లబడ్డాయా? కలర్ మానిటర్లలో మంచివి ఆ ఎగుడుదిగుళ్లను లోపలే సరిచేసుకుంటాయి. వాటికి ఎక్కువ ధర ఎందుకో నాకు అర్థమైంది అక్కడే. ఈ పరీక్ష వాపసు గడువు ముగియకముందే చేయండి, పెట్టె పారేయకండి.

గేమింగ్ మానిటర్ అయితే అదే రోజు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేట్ మార్చండి. విండోస్ చాలాసార్లు 60 దగ్గరే ఉంచేస్తుంది. మా తమ్ముడి స్నేహితుడొకడు 144 హెర్ట్జ్ మానిటర్ కొని ఎనిమిది నెలలు 60లోనే ఆడాడు.