పికప్‌కి పెద్ద టైర్లు వేశాక బండి లాగడం లేదా? ముందు ఇవి చూడండి

అశ్వారావుపేట దగ్గర మా పామాయిల్ తోటకి తారు రోడ్డు దిగాక రెండు కిలోమీటర్ల మట్టి బాట. వానాకాలంలో గెలల ట్రాక్టర్లు తిరిగి తిరిగి లోతుగా గాడులు పడతాయి, మధ్యలో గట్టు మిగులుతుంది. నా బండి ఇసుజు వీ-క్రాస్, పాత 2.5 లీటర్ల డీజిల్, ఐదు గేర్ల మాన్యువల్. సత్యవేడు దగ్గర శ్రీసిటీలో తయారైన బండే. ఆ గట్టు కింద తగులుతోందని, చూడ్డానికి కూడా దర్జాగా ఉంటుందని కంపెనీ ఇచ్చిన 245/70 ఆర్16 టైర్లు తీసేసి 265/75 ఆర్16 వేయించాను.

మొదటి వారం సంబరంగానే గడిచింది. తర్వాత భద్రాచలంలో పని చూసుకుని, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంటే బండి మొండికేసింది. ఎప్పుడూ మూడో గేర్లో హాయిగా ఎక్కే మలుపుల్లో నీరసపడిపోతోంది. రెండుకి దించితే ఇంజిన్ అరుస్తోంది, మళ్లీ మూడుకి వేస్తే ఊపిరాడనట్టు అవుతోంది. ఇంటికొచ్చి డీజిల్ ఫిల్టర్ మార్పించాను, ఒక షాపులో ఇంజెక్టర్లు క్లీన్ చేయించాను. ఏమీ మారలేదు. ఇంకో చోట చిప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చేది) పెడితే పవర్ పెరుగుతుందన్నారు. చివరికి సత్తుపల్లిలో ఒక పాత మెకానిక్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంజిన్ బానే ఉందన్నా. టైర్లు మార్చిన కాడ్నుంచేనా ఈ బాధ?" అని అడిగాడు. అప్పటిదాకా ఆ రెంటినీ కలిపి చూడాలని నాకు తోచనే లేదు.

అందుకే ముందు లెక్క చూడండి. టైరు మీద 245 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 70 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం. 16 అంటే రిమ్ము అంగుళాల్లో. పక్కగోడ పైనా కిందా రెండుసార్లు వస్తుంది కాబట్టి దాన్ని రెట్టింపు చేసి రిమ్ము కలిపితే 245/70 ఆర్16 ఎత్తు 749 మిల్లీమీటర్లు, 265/75 ఆర్16 ఎత్తు 804. అంటే చక్రం 7 శాతం పైగా పెద్దదైంది. కాగితం మీద నమ్మకం కుదరకపోతే నేను చేసినట్టు చేయండి. సమంగా ఉన్న గచ్చు మీద టైరు అడుగున సుద్దముక్కతో గీత గీసి, నేల మీద కూడా అక్కడే గీయండి. బండిని మెల్లగా ముందుకు నెట్టి, టైరు మీది గీత మళ్లీ నేలని తాకిన చోట ఇంకో గీత గీయండి. టేపుతో రెండు గీతల మధ్య కొలవండి. అది చక్రం చుట్టుకొలత, 3.14తో భాగిస్తే ఎత్తు వస్తుంది. పాతదీ కొత్తదీ ఇలా కొలిస్తే తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. బండి బరువుకి టైరు కొంచెం అణుగుతుంది కాబట్టి లెక్కలో వచ్చిన దానికంటే కొలత కాస్త తక్కువే ఉంటుంది.

ఆ 7 శాతమే అసలు కథ. పెద్ద చక్రం అంటే ప్రతి గేరూ అంత బరువెక్కినట్టే. ఈ ఇంజిన్ పూర్తి లాగుడు, 320 న్యూటన్ మీటర్లు, 1800 నుంచి 2800 ఆర్‌పీఎం మధ్య వస్తుంది. అంతకుముందు 1800 తిరిగే వేగానికి ఇప్పుడు ఇంజిన్ 1680 దగ్గర తిరుగుతుంది. ఇంజిన్‌కి గాలి ఎక్కించే టర్బో ఇంకా పూర్తిగా అందుకోని చోట అన్నమాట. నేలకి చేరే లాగుడు కూడా 7 శాతం దాకా తగ్గుతుంది. మలుపు తిరిగి వేగం పడిపోయిన చోట ఈ రెండూ కలిసి దెబ్బ కొడతాయి. ఇంజెక్టర్లు ఎన్నిసార్లు కడిగించినా ఇది పోదు.

దీని మీద బరువు. తోటలో గెలలు తూచే కాటా మీద పెట్టి చూశాను. పాత చక్రం రిమ్ముతో సహా 26 కిలోలు, కొత్తది 34. ఒక్కో చక్రానికి 8 కిలోలు. వెనక తొట్టిలో అదే బరువు వేస్తే బండికి లెక్కే కాదు. కానీ ఇది చక్రం అంచున తిరిగే బరువు, బండి కదిలిన ప్రతిసారీ ఇంజిన్ దీన్ని తిప్పాలి, ఆగిన ప్రతిసారీ బ్రేకులు దీన్ని ఆపాలి. కొనే ముందు షాపులో టైరు బరువు అడగండి. ఎల్‌టీ రకం, అంటే లోడ్ బళ్ల కోసం ఎక్కువ బలంతో చేసినవి, మామూలు వాటికంటే చాలా బరువు. టన్నుల లోడు, పదునైన రాళ్ల దారి లేకపోతే అవి అక్కర్లేదు.

బ్రేకుల గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే లాగుడు తగ్గితే టైమే పోతుంది, బ్రేకు తగ్గితే మనిషే పోతాడు. ముందు డిస్కులూ వెనక డ్రమ్ములూ పాత చక్రానికి సరిపోయేలా చేసినవి. చక్రం పెద్దదైతే అదే పెడల్‌కి ఆపే బలం తగ్గుతుంది. పైగా ఎక్కేటప్పుడు మూడో గేరు ఎలా చాలదో, దిగేటప్పుడూ మూడో గేరు అలాగే బండిని పట్టి ఉంచలేదు. నేను మారేడుమిల్లి దిగేటప్పుడు అలవాటుగా మూడులోనే వదిలి, బ్రేకు మీద కాలు పెట్టుకుని వచ్చాను. కింద ఆపితే ముందు చక్రాల దగ్గర ప్యాడ్లు మాడిన వాసన. అప్పటి నుంచి దిగుడు మొదలవక ముందే రెండో గేర్లో పెడుతున్నాను. పెద్ద టైర్లు వేసిన రోజే ప్యాడ్ల మందం, వెనక లైనర్లు, బ్రేక్ ఆయిల్ చూపించండి. ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో రెండు మూడుసార్లు గట్టిగా ఆపి, బండి ఎంత దూరంలో ఆగుతోందో మీ కాలికి తెలియనివ్వండి.

మీటరు కూడా తప్పుతుంది. 80 చూపిస్తుంటే ఇంతకుముందు కంటే 7 శాతం ఎక్కువ వేగంలో ఉంటారు. ఫోన్లో జీపీఎస్ వేగం పెట్టుకుని పోల్చుకోండి. మీటర్లో కిలోమీటర్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి మైలేజీ లెక్క కూడా మోసం చేస్తుంది. నాకు 12.5 నుంచి 11కి పడిపోయిందని దిగులుపడ్డాను. 11ని 1.07తో గుణిస్తే 11.8, అసలు నష్టం అంతే.

ఇక సరిచేసుకునే పని. మొదట గాలి. డోరు పక్కన అంటించిన కాగితంలోని నంబరు పాత టైరుకి. కొత్తదానికి అక్కడ మొదలుపెట్టి సుద్దతోనే తేల్చుకోవచ్చు. టైరు అడ్డంగా దట్టంగా సుద్ద రాసి, తిన్నని రోడ్డు మీద వంద గజాలు నడిపి దిగి చూడండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. రెండేసి పీఎస్‌ఐ మార్చుకుంటూ పోతే సమంగా చెరిగే చోటు దొరుకుతుంది. ఖాళీ బండికి ఒకటి, తొట్టి నిండితే ఒకటి, రెండూ రాసి డాష్‌బోర్డు పెట్టెలో పెట్టుకోండి. టైరు పక్కన చెక్కిన గరిష్ఠ అంకె దాకా కొట్టించకండి, నడుము విరిగేలా కుదుపుతుంది, తడి రోడ్డు మీద పట్టు పోతుంది.

తర్వాత రాపిడి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ఒక ముందు చక్రాన్ని గట్టు మీదకి ఎక్కించి చూడాలి. చదును నేల మీద తగలనిది అప్పుడు తగులుతుంది. లోపలి ప్లాస్టిక్ మీద నున్నగా మెరిసే చారలు కనిపిస్తే అదే ఆనవాలు. నాకు ఎడమ మడ్‌ఫ్లాప్ దగ్గర తగిలింది, ప్లాస్టిక్ కొంచెం వేడిచేసి వెనక్కి వంచితే సరిపోయింది. దీనికోసం బండిని పైకి లేపే కిట్లు అమ్ముతారు. లేపితే ముందు యాక్సిల్ జాయింట్ల వంపు పెరుగుతుంది, స్టీరింగ్ వదిలితే దానంతటది తిన్నగా వచ్చే గుణం తగ్గి హైవే మీద బండి అటూ ఇటూ తేలుతుంది. వెనక కమాన్ కట్టల్లో ఒక పట్టీ చేర్చడం లోడు కోసమైతే సరే, అందం కోసం వద్దు. చక్రాలు బయటికి రావడానికి స్పేసర్లు అసలే వద్దు, బేరింగులు తినేస్తాయి. టైర్లు మార్చాక అలైన్‌మెంట్ చేయించండి, వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మళ్లీ బిగించండి.

స్టెప్నీ మర్చిపోకండి. కొత్త సైజు చక్రం బండి కింద స్టెప్నీ చోట పడుతుందో లేదో ముందే చూడండి. వేరే సైజు చక్రం ఒకటి ఉండగా ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే ముందూ వెనకా గేర్లు ఒకదాన్నొకటి మెలిపెడతాయి. ఐదూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలి.

చిప్ పెట్టించలేదు. పెరిగిన లాగుడంతా క్లచ్ మీద, గేర్‌బాక్స్ మీద పడుతుంది. బురదలో, నిట్ట ఎక్కుడులో ఫోర్ లో (నాలుగు చక్రాలకీ తక్కువ వేగంలో ఎక్కువ లాగుడు ఇచ్చే గేరు) వేసుకుంటే చక్రం పెద్దదైన నష్టం తెలియదు, కానీ తారు రోడ్డు మీద అది వాడకూడదు. అక్కడ ఒక గేరు తగ్గించి నడపడమే మార్గం.

చట్టం సంగతి కూడా చూసుకోండి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. టైరు సైజు మార్చే ముందు బీమా కంపెనీని రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోండి. ఆ పని నేను ముందు చేయలేదు, చేసుండాల్సింది.

పద్నాలుగు నెలలు ఇలా సర్దుకుంటూ నడిపాను. టైర్లు అరిగాక మళ్లీ లెక్క వేశాను. 55 మిల్లీమీటర్ల ఎత్తు పెరిగితే బండి కింద ఖాళీ పెరిగేది అందులో సగం, 27 మిల్లీమీటర్లు. బొటనవేలు వెడల్పు కంటే కొంచెం ఎక్కువ. నాకు కావాల్సింది బురదలో పట్టు, అది ఎత్తులో లేదు, టైరు మీది గాడుల్లో ఉంది. ఈసారి పాత 245/70 ఆర్16 సైజులోనే ఆల్ టెర్రైన్, అంటే మట్టికీ తారుకీ పనికొచ్చే టైర్లు తీసుకున్నాను. మీటరు సరిగ్గా చూపిస్తోంది, ఘాట్‌లో మూడో గేరు మళ్లీ లాగుతోంది. తోట బాటలో గాడుల మధ్య గట్టుని ట్రాక్టర్ బ్లేడుతో గీకించాను. రెండు గంటల కిరాయి అయింది.