దొరికిన రంగురాయికి ధర కట్టించే ముందు జాగ్రత్తలు

నెల్లూరు ప్రాంతంలోని గూడూరు, సైదాపురం వైపు పాత మైకా గనుల మట్టి కుప్పల్లో గార్నెట్, బెరిల్, క్వార్ట్జ్ ముక్కలు కనిపిస్తాయి. చాలావరకు నగలకు పనికిరావు. అయినా తొందరపడి పాడుచేసుకోకండి.

• లోపలి రంగు చూద్దామని సుత్తితో కొట్టొద్దు. నన్నడిగితే అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. ఒక్క దెబ్బకు పగుళ్లు లోపలికి పాకుతాయి, సానపట్టడానికి ఏమీ మిగలదు.

• యాసిడ్, మంట వద్దు. సబ్బు నీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు.

• గాజును గీసిందంటే వజ్రమే అని సంబరపడొద్దు. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్కేలుపై గాజుది 5.5 దగ్గర ఉంటే, మామూలు క్వార్ట్జ్‌దే 7.

• సాంద్రత చూడాలంటే మట్టి పూర్తిగా పోవాలి. రాయిని గాలిలో ఒకసారి, దారంతో వేలాడదీసి నీళ్లలో ఒకసారి తూచండి. గాలిలో తూకాన్ని ఆ రెండు తూకాల తేడాతో భాగించండి. 2.65 వస్తే క్వార్ట్జ్ కావచ్చు. 4 దగ్గర వస్తే కెంపే అనుకోకండి, ఆల్మండైన్ అనే ఎర్ర గార్నెట్ కూడా అక్కడే ఉంటుంది. అందుకే ల్యాబ్ పరీక్ష తప్పదు.

• ల్యాబ్ రిపోర్టు అది ఏ రాయో చెబుతుంది, సాధారణంగా ధర చెప్పదు. ధర రంగు, లోపల మచ్చలు, పగుళ్లు లేని స్వచ్ఛత, సానపట్టాక మిగిలే బరువును బట్టి ఉంటుంది.

• ఎవరికి ఇచ్చినా ముందే ఫొటో తీసి, ఎదురుగా తూయించి, క్యారెట్లలో రాయించుకోండి. గ్రాముకు 5 క్యారెట్లు.

• ఇంకో రాయి కోసం పాత గోతుల్లోకి మాత్రం దిగకండి. గట్లు విరిగి పడతాయి.