హోమ్‌లోన్ ముందే కట్టాలా, పెన్షన్‌లో వేయాలా: లెక్క తేల్చుకునే పద్ధతి

నెలకు 15,000 మిగులుతున్నాయి, హోమ్‌లోన్ ఇంకా నెత్తిమీదే ఉంది, రిటైర్మెంట్‌కు కూడబెట్టింది అంతంతమాత్రం. ఆ డబ్బు ఎటు పంపాలి? చాలామంది లోన్ వడ్డీ 8.5, పీఎఫ్ వడ్డీ 8.25 అని పక్కపక్కన రాసుకుని ఆ పావు శాతంతోనే తేల్చేస్తారు. అసలు తేడా పన్నులో ఉంది.

ముందు లోన్ సంగతి. 50 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ 43,391. మొదటి నెలలో అందులో 35,417 వడ్డీకే పోతుంది, అసలుకు జమయ్యేది 7,974. మొదటి నుంచీ నెలనెలా 10,000 అదనంగా కడితే 13 ఏళ్లలోపే అప్పు తీరుతుంది, వడ్డీలో సుమారు 21.8 లక్షలు మిగులుతాయి. ఈ అంకె చూసి వెంటనే బ్యాంకుకు పరిగెత్తకండి. అదే 10,000 మరోచోట ఎంత పెరిగేదో అందులో లేదు. ముందస్తుగా కట్టిన ప్రతి రూపాయికీ వచ్చే రాబడి మీ లోన్ వడ్డీ రేటే. కాకపోతే దానికి రిస్కు లేదు, పన్ను లేదు.

'ముందే కడితే వడ్డీ మీద పన్ను మినహాయింపు పోతుంది' అనే మాట ఆఫీసుల్లో తరచూ వినబడుతుంది. ఎక్కువమంది విషయంలో అది తప్పు. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు. పాత విధానంలో ఏడాదికి 2 లక్షల వరకే. పైన చెప్పిన లోన్‌కు మొదటి ఏడాది వడ్డీ 4.2 లక్షలు, అంటే మీరు తగ్గించుకునేది ఎలాగూ మినహాయింపు రాని వడ్డీనే. బాకీ సుమారు 23.5 లక్షలకు దిగాకే లెక్క మారుతుంది. అక్కడి నుంచి 30 శాతం స్లాబులో ఉన్నవారికి, సెస్సుతో కలిపి చూస్తే, నికర వడ్డీ 5.85 శాతమే పడుతుంది. పాత విధానంలో ఉంటే ఆ దశలో అదనపు చెల్లింపులు ఆపేయడం మేలు.

ఇక పెన్షన్ వైపు మొదట చూడాల్సింది కంపెనీ ద్వారా కట్టే ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం). 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది సెక్షన్ 80సీసీడీ(2). కొత్త విధానంలో బేసిక్, డీఏల మీద 14 శాతం వరకు కంపెనీ జమచేసే సొమ్ముకు పన్ను లేదు. బేసిక్ లక్ష ఉంటే నెలకు 14,000. స్పెషల్ అలవెన్సులోంచి అంత తగ్గించి ఎన్‌పీఎస్‌కు మళ్లించమని హెచ్‌ఆర్‌ను అడగండి. 30 శాతం స్లాబులో చేతికొచ్చే జీతం తగ్గేది 9,632 మాత్రమే. మిగిలిన 5,368 లోన్‌కు కట్టండి. పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్‌యాన్యుయేషన్ (కంపెనీ సొంత పెన్షన్ నిధి)లకు కంపెనీ కట్టేది మొత్తం ఏడాదికి 7.5 లక్షలు దాటితే ఆ పైమొత్తానికి పన్ను పడుతుంది, అది చూసుకోండి.

రిటైర్మెంట్ దగ్గరపడ్డవాళ్లు 'ఇప్పుడు పెన్షనేంటి, అప్పు తీర్చేస్తే చాలు' అంటుంటారు. అంకెలు వేరేలా చెబుతాయి. 55 ఏళ్ల ఉద్యోగి ఒకసారి 6,880 లోన్‌కు కడితే, 8.5 శాతం చొప్పున అయిదేళ్లలో దాని ఫలితం సుమారు 10,345. 30 శాతం స్లాబులో ఉంటే అదే ఖర్చుతో కంపెనీ ద్వారా ఎన్‌పీఎస్‌లో 10,000 పడుతుంది. అది 6 శాతమే పెరిగినా 13,382. అందులో 60 శాతం పన్ను లేకుండా చేతికొస్తుంది. కనీసం కొంత భాగంతో నెలనెలా పెన్షన్ ఇచ్చే యాన్యుటీ కొనాలి, ఆ నెలసరి పెన్షన్ మీద అప్పటి స్లాబు ప్రకారం పన్ను ఉంటుంది. అది లెక్కలో వేసుకున్నా లోన్‌దే వెనుకబాటు. గడువు తక్కువైన కొద్దీ మొదట్లోనే ఆదా అయ్యే పన్ను ప్రభావం పెరుగుతుంది కదా.

కంపెనీ ఎన్‌పీఎస్ ఇవ్వకపోతే మిగిలేది వీపీఎఫ్, అంటే పీఎఫ్‌లో మీ ఇష్టంతో అదనంగా కట్టే వాటా. 2024-25కు వడ్డీ 8.25 శాతం. మీ పీఎఫ్, వీపీఎఫ్ వాటాలు కలిపి ఏడాదికి 2.5 లక్షలు దాటితే, ఆ పైసొమ్ము వడ్డీకి పన్ను పడి 30 శాతం స్లాబులో నికరంగా 5.68కి దిగుతుంది. పరిమితి లోపల లోన్, వీపీఎఫ్ దాదాపు సమానం. పరిమితి దాటితే ఆలోచించకుండా లోన్‌కే కట్టండి.

ఒక్క షరతు. ఆరు నెలల ఈఎంఐలు, ఇంటి ఖర్చులు ఎఫ్‌డీలో లేనిదే పై రెండూ మొదలుపెట్టకండి. లోన్‌కు కట్టింది వెనక్కి రాదు, ఎన్‌పీఎస్‌లో వేసింది కూడా సులభంగా రాదు.

కట్టేటప్పుడు జరిగే పొరపాట్లు ఎక్కువగా బ్యాంకు కౌంటర్ దగ్గరే. అదనంగా వేసిన డబ్బును కొన్నిచోట్ల 'అడ్వాన్స్ ఈఎంఐ'గా పక్కన పెడతారు, అసలు తగ్గదు. అందుకే 'పార్ట్ పేమెంట్, ప్రిన్సిపల్‌కు జమచేయాలి, ఈఎంఐ అలాగే ఉంచి టెన్యూర్ తగ్గించాలి' అని రాతపూర్వకంగా ఇవ్వండి. వారం తర్వాత కొత్త రీపేమెంట్ షెడ్యూల్ తీసుకుని బాకీ అంకె సరిచూడండి. ఫ్లోటింగ్ రేటు హోమ్‌లోన్‌కు వ్యక్తుల దగ్గర ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదు, ఫిక్స్‌డ్ రేటుకు ఉండొచ్చు. పాత లోన్ ఇంకా బేస్ రేటు, ఎంసీఎల్‌ఆర్ (బ్యాంకు సొంతంగా లెక్కకట్టే పాత తరహా రేట్లు) మీదే నడుస్తుంటే, రిజర్వ్ బ్యాంకు రెపో రేటుకు ముడిపడ్డ రేటుకు మారితే ఎంత తగ్గుతుందో ముందు అడగండి. రేటు పెరిగినప్పుడు ఈఎంఐ పెంచకుండా గడువు సాగదీశారేమో చూడండి. అలా సాగి, కట్టేవారి వయసు 60 దాటినా తీరని లోన్లు చాలానే ఉన్నాయి.

పూర్తిగా తీర్చేశాక ఒరిజినల్ దస్తావేజులు 30 రోజుల్లో ఇవ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం రావాలి. మన రాష్ట్రాల్లో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా నమోదు చేయించి ఉంటే, దాన్ని రద్దు చేయించి కొత్త ఈసీ (ఆస్తి మీద తనఖాల వంటివి ఉన్నాయో లేదో చూపే ధ్రువపత్రం) తీసుకోండి.