అందరిలా లేని బిడ్డ గురించి పిల్లలకు క్రిస్మస్ కథ ఎలా రాయాలి?

డిసెంబర్ వచ్చిందంటే సండే స్కూల్ టీచర్లకు ఒకటే టెన్షన్, ఈ ఏడు పిల్లలకు ఏ కథ చెప్పాలా అని. ‘ఎవరినీ వేరుగా చూడకూడదు’ అని తెలిసేలా ఒక కథ చెప్పమని పెద్దలు అడుగుతారు. అప్పటికప్పుడు కుంటి గొర్రెపిల్ల కథో, మసకబారిన నక్షత్రం కథో చెప్పి ముగించేస్తారు. ఇరవై ఏళ్లుగా నేను ఇలాంటి కథలు రాస్తున్నాను, చెబుతున్నాను, ఇతరులు చెప్పేవి వింటున్నాను. దాదాపు అన్నీ ఒకే చోట చెడిపోతున్నాయి. ఆ చోటు చూపించడానికే ఇది రాస్తున్నాను.

కావలసినవి: రూళ్ల నోట్‌బుక్, పెన్ను, గడియారం, విని చెప్పడానికి ఆరేడేళ్ల పిల్ల ఒకరు. కథ చేత్తోనే రాయండి. ఫోన్‌లో టైప్ చేస్తే వాక్యాలు పొడుగైపోతాయి. బొమ్మల చార్టు వద్దు. అది ఎదురుగా ఉంటే పిల్లల కళ్లు దాని మీదే ఉంటాయి, చెవులు మీ దగ్గర ఉండవు.

1. బిడ్డను ఎంచుకోండి

కథలో ఉండేది మనిషి బిడ్డే కావాలి. గొర్రెపిల్లలు, చెట్లు, నక్షత్రాలు వద్దు. కుంటి గొర్రెపిల్ల మీద జాలిపడిన పిల్లలే బయటికెళ్లి, కాలు సరిగా లేని పిల్లాడిని ఆటలోకి రానివ్వకపోవడం నేను చూశాను. గొర్రెకూ ఆ పిల్లాడికీ సంబంధం ఉందని వాళ్లకు తట్టదు. తేడా కూడా ఒక్కటే పెట్టండి: నత్తి, చెవికి మిషన్, ఒంటి మీద బొల్లి మచ్చలు, వేరే ప్రాంతపు యాస. ఒకే బిడ్డకు రెండు మూడు తగిలిస్తే అది కష్టాల కథ అయిపోతుంది.

2. చోటు

పిల్లలు రోజూ చూసే చోటే. మంచు కురిసే వీధులు వద్దు. క్యారల్స్‌కి తిరిగే రాత్రి, వెదురు బద్దలతో నక్షత్రం కట్టే వరండా, నాటిక రిహార్సల్ ఇవి చాలు. నేనైతే రిహార్సలే తీసుకుంటాను. అక్కడ అందరికీ వేషాలు పంచుతారు కాబట్టి ఎవరిని పక్కన పెట్టారో మనం చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

ఉదాహరణకు, రూతుకు ఎనిమిదేళ్లు. నత్తి ఉంది. దేవదూత వేషం ఆమెకు వచ్చింది. ‘భయపడకుడి’ అని మొదలుపెట్టాలి. ఆ ‘భ’ దగ్గరే ఆమెకు మాట ఆగిపోతుంది.

3. కలుపుకునే ఘట్టం

ఇక్కడ ఆగండి. పెన్ను పక్కన పెట్టి, అసలు వాళ్లు ఆ బిడ్డను ఎందుకు కలుపుకుంటారో ఆలోచించండి.

ఎర్ర ముక్కు దుప్పి రుడాల్ఫ్ కథ చాలామందికి తెలుసు. 1939లో షికాగోలో మాంట్‌గోమరీ వార్డ్ అనే దుకాణం వాళ్లు పిల్లలకు ఉచితంగా పంచడానికి రాబర్ట్ మే అనే ఉద్యోగి రాసిన కథ అది. 1949లో పాటగా వచ్చి ప్రపంచమంతా తిరిగింది. ముక్కు ఎర్రగా వెలుగుతోందని తోటి దుప్పులు వెక్కిరిస్తాయి. ఒక రాత్రి పొగమంచు కమ్మితే క్రిస్మస్ తాత బండికి ఆ ముక్కే దారి చూపిస్తుంది. అప్పటినుంచి అందరికీ రుడాల్ఫ్ అంటే ఇష్టం. నేను ఈ కథ చెప్పినప్పుడు ఒక పాప, “మరి ఆ రోజు పొగమంచు లేకపోతే?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పనికొచ్చాడు కాబట్టి కలుపుకున్నారు. పనికిరాని రోజున మళ్లీ వెక్కిరిస్తారన్నమాట. ఆ ఏడాది నుంచి నేను ఆ దారిలో కథ రాయడం మానేశాను.

మీ కథను కూడా పొగమంచు తీసేసి చదవండి. రూతు గొప్పగా పాడుతుందనో, తప్పిపోయిన పిల్లాడిని వెతికి తెచ్చిందనో రాశారా? కొట్టేయండి. తరగతిలో కూర్చున్న నత్తి పిల్లకు పాట రాకపోవచ్చు. మరి ఆ పిల్ల ఏం చేయాలి?

దీనికన్నా ప్రమాదమైనది ఇంకొకటి ఉంది. వేదిక ఎక్కగానే నత్తి పోయిందని రాయడం. ఒకసారి క్రిస్మస్ కూడికలో ఒకరు కుంటి గొర్రెపిల్ల కథ చెప్పారు. పుట్టిన శిశువును చూడగానే దాని కాలు బాగైపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. కాలికి బూటు బిగించుకున్న ఒక బాబు నా పక్కనే కూర్చున్నాడు. ఇంటికి వెళ్లేటప్పుడు వాళ్లమ్మను, “ఈ క్రిస్మస్‌కి నాకు కూడా బాగవుతుందా అమ్మా?” అని అడిగాడు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏ కథా ఒక తల్లిని అలా నిలబెట్టకూడదు.

జాలితో మాటలు లేని గొర్రె వేషం ఇచ్చేయడం కూడా వద్దు.

మరి ఏం రాయాలి? బిడ్డ మారకూడదు. చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరు మారాలి, అదీ చిన్న పనితో. రిహార్సల్లో రూతు ‘భ... భ...’ అంటుండగానే, తలకు తువ్వాలు చుట్టుకున్న కాపరి వేషం పిల్లాడు దావీదు ప్రతిసారీ ఆ మాట తనే అందించేస్తాడు. సాయం చేస్తున్నాననే అనుకుంటాడు. ఒకరోజు రూతు అతనితో, “న... నేనే చెప్తా. నువ్వు ఆగు” అంటుంది. క్రిస్మస్ రాత్రి వేదిక మీద మళ్లీ మాట ఆగుతుంది. దావీదు పెదవి బిగబట్టి, తల ఎత్తి ఆమె వైపే చూస్తూ కూర్చుంటాడు. మిగతా కాపరులూ కదలరు. “భ... భ... భయపడకుడి.” అప్పుడు లేస్తారు. అంతే కథ.

క్రిస్మస్‌కు ఇదే సరిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను. లూకా సువార్త చూడండి. సత్రంలో స్థలం లేక తొట్టిలో పడుకోబెట్టిన ఆ బిడ్డ అప్పటికి ఎవరికీ ఏ పనీ చేసిపెట్టలేదు. అయినా కాపరులు పొలం నుంచి త్వరగా చూడడానికి వచ్చారు.

4. చెప్పడం

ఏడు నిమిషాలు దాటకూడదు. గడియారం పెట్టుకుని మీ ఆరేడేళ్ల పిల్లకు ఒకసారి చెప్పండి. ఎక్కడ కాళ్లు ఊపడం మొదలుపెడితే అక్కడ రెండు వాక్యాలు తీసేయండి. నత్తిని అనుకరించి నవ్వించకండి. ‘భ’ దగ్గర ఒక్క క్షణం మౌనంగా ఉంటే చాలు, పిల్లలకు అర్థమవుతుంది. అయిపోయాక ‘నీతి ఏమిటి?’ అని అడగవద్దు. వెంటనే పాట ఎత్తుకోండి.

ముందు రోజు హాజరు పట్టీ తప్పకుండా చూడండి. రూతు, దావీదు అనే పిల్లలు ఉంటే కథలో పేర్లు మార్చండి. నిజంగానే నత్తి ఉన్న బిడ్డ ఉంటే కథలో తేడానే మార్చండి. రూతుకు చెవి మిషన్ పెట్టి, ఆమెకు వినబడేలా దావీదు ముందుకొచ్చి ఎదురుగా నిలబడి మాట్లాడినట్టు రాసుకుంటే మిగతాదంతా అలాగే ఉంచవచ్చు.