హైజంప్ చూస్తూ చీటీ రాసుకోవడం ఎలా

నేను పీఈటీని. మా ఆడపిల్లలకు హైజంప్ వీడియో పెట్టే ముందు చేతికి పెన్సిలు, కాగితం ఇస్తాను. 2017 నైరోబీ ప్రపంచ అండర్-18 పోటీలంటే వాళ్లకు ప్రాణం. పదిహేనేళ్ల ఉక్రెయిన్ అమ్మాయి యారోస్లావా మహుచిఖ్ అక్కడ 1.92 మీటర్లు దూకి స్వర్ణం గెలిచింది మరి!

ఎడమవైపు పేర్లు, పైన ఎత్తులు రాయండి. దాటితే సున్నా, బార్ పడితే ఇంటూ, దూకకుండా వదిలేస్తే గీత. వరుసగా మూడు ఇంటూలు పడితే అవుట్. అవి ఒకే ఎత్తులో పడాలని లేదు. 1.75లో ఒకటి పడ్డాక వదిలేసి 1.78కి వెళ్తే అక్కడ రెండే అవకాశాలు. పిల్లలు తడబడేది ఇక్కడే, రెండుసార్లు చెప్పండి.

ఇద్దరు ఒకే ఎత్తులో ఆగిపోతే, చివరగా దాటిన ఎత్తులో ఇంటూలు తక్కువున్నవారు ముందు. అదీ సమానమైతే మొదటి నుంచి ఆ ఎత్తు దాకా ఇంటూలన్నీ కూడండి. మా అమ్మాయి ఒకసారి 1.30లో తొందరపడి బార్ పడేసింది. సాయంత్రానికి ఆ ఒక్క ఇంటూ వల్లే రెండో స్థానం వచ్చింది. ఇద్దరం ఏడ్చాం. అప్పటి నుంచి తేలిక ఎత్తుల్లోనూ అడుగులు కొలిచాకే పరుగు మొదలుపెట్టిస్తున్నాను.

అప్పటికీ తేలకపోతే, మొదటి స్థానానికి మాత్రం జంప్-ఆఫ్ (సమానంగా ఉన్నవారి చేత మళ్లీ దూకించి తేల్చడం) పెట్టవచ్చు.