మిద్దె మీద కుంపటి మండట్లేదా? కట్టెను తిట్టకముందు ఇది చూడండి

పాత నూనె డబ్బా, పగిలిన ఇటుకలు, మంగళూరు పెంకు ముక్కలు, రెండు బొచ్చెల ఎర్రమట్టి, అడుగున జల్లెడలా పరవడానికి నాలుగు ఇనుప చువ్వలు. చలి కాచుకునే చిన్న కుంపటికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. ఇటుకలు ఏదో ఒక ఇల్లు కూలగొట్టే చోట దొరుకుతాయి, డబ్బా గుజరీ (పాత సామాన్ల) అంగడిలో దొరుకుతుంది. కట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. బెంగళూరులో డిసెంబరు చలి మొదలయ్యాక నాకు వచ్చే ఫోన్లు కట్టడం గురించి కాదు. "అన్నా, ఒకటే పొగ, మంట లేవట్లేదు" అనే.

పొగ, మంట నిలవకపోవడం

ముందు గాలికోసం డబ్బా కింద కొట్టిన బెజ్జాలు చూడండి. అందరూ "చూశాం" అంటారు, వెళ్ళి చూస్తే నిండా బూడిద. లేదంటే డబ్బాను నేలకు ఆనించి పెట్టి ఉంటారు, గాలి ఎక్కడినుంచి వస్తుంది? మూడు ఇటుకల మీద ఎత్తి పెట్టండి, చువ్వతో బెజ్జాలు పొడవండి. అప్పటికీ పొగ తగ్గకపోతేనే కట్టె సంగతి. రెండుగా చీల్చి లోపలి వైపు చెంపకు ఆనించుకోండి. చల్లగా తగిలితే ఇంకా పచ్చిదే.

గాలి ఆడుతోంది, కట్టె ఎండింది, అయినా పొగే

నన్ను ఏడిపించింది ఇదే. ఒక ఏడాది స్నేహితులను పిలుచుకుని కూర్చున్నాను. గంటసేపు ఊదుగొట్టంతో ఊదాను, కట్టెలు రెండుసార్లు మార్చాను, మర్నాడు పొగగొట్టం కూడా కొనుక్కొచ్చాను. ఏం చేసినా బుసబుసమనే చప్పుడు, కళ్ళమంట. రెండో రోజు కట్టెలు దండిగా వేసి పెద్ద మంట పెట్టాను. 'ఠప్'మని పేలి, ఇటుక పెచ్చు ఎగిరి ఒకాయన శాలువా మీద పడింది.

తప్పు కట్టెది కాదు. డబ్బా లోపల పేర్చి మట్టి పూసిన ఇటుక తడిసి ఉంది. వానల్లో కుంపటిని మిద్దె మీదే వదిలేశాను. పైన పాలిథిన్ కవరు కట్టాను కదా అని ధీమా. మిద్దె మీద నిలిచిన నీళ్ళు, గాలికోసం నేనే కొట్టిన బెజ్జాల్లోంచి లోపలికి వెళ్ళాయి. పైనున్న కవరు వాటిని ఆరనివ్వలేదు. చేత్తో తాకితే మట్టి పూత పొడిగానే ఉంది, కానీ దాని వెనక ఇటుకకూ రేకుకూ మధ్య నీరు దాక్కుని ఉంది.

లెక్క చూడండి. మన ప్రమాణాల ప్రకారం మామూలు ఇటుక తన బరువులో 20 శాతం దాకా నీరు పీల్చినా మంచి ఇటుకే. మూడు కిలోల ఇటుక అరలీటరు పైనే తాగుతుంది. కుంపటిలో అయిదు ఇటుకలుంటే దాదాపు మూడు లీటర్లు. అది ఆవిరి కావడానికే అరకిలో ఎండుకట్టె వేడి సరిపోదు, ఎందుకంటే సగం వేడి గాలిలోకే పోతుంది. ఇంత బుల్లి కుంపటికి అరకిలో అంటే ఒక సాయంత్రం కట్టె. మన మంట ఇటుకను ఆరబెట్టడానికే సరిపోతే ఇక చలి ఎప్పుడు కాచుకుంటాం? పైగా నీరు ఆవిరైతే పదహారువందల రెట్లకు పైగా ఉబ్బుతుంది. బయటికి దారి లేకపోతే పెచ్చు పేలుతుంది, పగుళ్ళు పడతాయి.

పరీక్ష సులువు. మధ్యాహ్నం ఎండలో కుంపటి నోటికి పాలిథిన్ కాగితం బిగించి కట్టి రెండు గంటలు వదిలేయండి. లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే తడి ఉన్నట్టే. ఇంకా నమ్మకమైన పద్ధతి బరువు. కొత్తగా కట్టి బాగా ఆరాక లగేజీ తూకంతో తూచి ఆ అంకె మేకుతో రేకు మీద గీసిపెట్టండి. తర్వాత ఎప్పుడు తూచినా దానికంటే కిలో ఎక్కువ ఉంటే అంటించకండి.

తడిస్తే ఇలా చేయండి. బూడిద దులిపి, కుంపటిని పక్కకు వాల్చి, రెండు ఇటుకల మీద వారం పది రోజులు ఎండలో ఉంచండి. రేకు వెలుపల మేకుతో ఆరేడు సన్న బెజ్జాలు కొట్టండి, ఆవిరి పోవడానికి. తర్వాత మొదటి రోజు గుప్పెడు పుల్లలతో పావుగంట, రెండో రోజు అరగంట, మూడో రోజు ఇంకాస్త. తొందరపడి మొదటి రోజే పెద్ద కట్టెలు పెట్టారో, మళ్ళీ ఠప్పే. వెంట్రుకవాసి పగుళ్ళను పట్టించుకోకండి. వేలు పట్టేంత పగులు ఉంటే అదే ఎర్రమట్టి, ఇసుక కలిపి పూడ్చండి. సిమెంటు వద్దు, వేడికి అది మట్టిలా కాక వేరే లెక్కలో ఉబ్బి బీటలు వారుతుంది. ఇక పండగకు ముందురోజు తుడిచి అంటించే ఆలోచన మానుకోండి, పదిరోజుల ముందే బయటికి తీయండి. వానాకాలంలో ఇంట్లో మెట్ల కింద పెట్టుకోండి.

వాసన, తెల్లపొగ

తెల్లటి ఘాటు పొగ వస్తే డబ్బా జింకు పూత బకెట్టేమో చూడండి. జింకు 419 డిగ్రీల దగ్గర కరిగి, 907 దగ్గర మరుగుతుంది. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వస్తుంది. ఆ బకెట్టును కుంపటిగా వాడకండి, పూలకుండీ చేసుకోండి. పెయింటు డబ్బా అయితే లోపలా బయటా రంగు గీకి, ఎవరూ దగ్గర లేనప్పుడు ఒకసారి ఖాళీగా గట్టిగా కాల్చండి. ప్యాకింగు చెక్కలో హెచ్‌టి (పురుగు పట్టకుండా వేడితో శుద్ధి చేసినది) ముద్ర ఉన్నది వాడొచ్చు, ఎంబి (మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది) ముద్ర ఉన్నది వద్దు. ప్లైవుడ్ ఏ ముద్ర ఉన్నా వద్దు, అందులో జిగురు ఉంటుంది. అన్నట్టు ఇది చెత్త కాల్చే డబ్బా కాదు. బహిరంగంగా చెత్త తగలబెట్టడం 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, 5,000 రూపాయల జరిమానా ఉంది.

నేల నల్లబడటం

మిద్దె వాటర్‌ప్రూఫింగు కరిగితే ఓనరు అడ్వాన్సులో కోసుకుంటాడు. కింద ఇటుకలు పరిచి, పైన ఇసుక పోసిన రేకు పెట్టండి. గ్రిల్లు మూసిన బాల్కనీలో, గదిలో అసలు వెలిగించకండి, నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువు వాసన లేకుండానే మనిషిని చంపుతుంది.

మిగతావన్నీ చిన్నచిన్నవే. గాలి ఎదురు కొడితే కుంపటి తిప్పండి. నది రాళ్ళు లోపల పెట్టారా, తీసేయండి, అవీ పేలతాయి. పొగగొట్టం ఎంత ఎత్తు ఉండాలని అడుగుతుంటారు. ఇంత చిన్నదానికి అక్కర్లేదు. నేను కొన్నది ఇప్పుడు కరివేపాకు చెట్టుకు ఊతంగా ఉంది.